రోమన్ తరహా ఫాంటసీ లోకంలో స్లో బర్న్ ప్రేమకథ రాయడం ఎలా: సమగ్ర మార్గదర్శి

స్లో బర్న్ అంటే ఆలస్యం చేయడమేనని చాలామంది అనుకుంటారు. ముప్పై ఎపిసోడ్ల పాటు నాయికానాయకులు ఒకరినొకరు చూసుకుని ముఖం తిప్పుకుంటారు, ముప్పై ఒకటోదాంట్లో వానలో కౌగిలించుకుంటారు, మధ్యలో జరిగిందేమీ ఉండదు. పాఠకులు పదిహేనో ఎపిసోడ్ దగ్గరే దిగిపోతారు. నిదానంగా రాజుకునే ప్రేమకథలో ప్రతి మూడు నాలుగు ఎపిసోడ్లకీ ఏదో ఒకటి మారాలి, మారింది మళ్లీ వెనక్కి పోకూడదు. ఆలస్యానికి కారణం వాళ్ల బిడియం కాకూడదు, వాళ్లు బతికే లోకం కావాలి. ప్రాచీన గ్రీకు, రోమన్ లోకాలు ఈ పనికి ఇంత బాగా కుదిరేది అందుకే. అక్కడ చట్టం, మొక్కు, సముద్రం, ఆఖరికి స్నానశాల వేళలు కూడా ఇద్దరి మధ్య అడ్డు నిలబడతాయి.

అప్పటివాళ్లే రాసిన నమూనా దొరుకుతుందేమోనని వెతికితే పెద్దగా లాభం ఉండదు. ప్రాచీన గ్రీకులో పూర్తిగా మిగిలిన ప్రేమ నవలలు ఐదు. చాలావాటిలో తొలిచూపులోనే ప్రేమ, ఆపైన దొంగలు, ఎడబాటు, పునస్సమాగమం. లోకం వాళ్ల దగ్గర తీసుకోండి, నడక మీరే కట్టుకోండి.

ఇక్కడి లెక్కలన్నీ 40 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 2,000 పదాలు, మొత్తం 80,000 పదాల నవలకి.

1. చోటూ కాలమూ తేల్చుకోండి

"ప్రాచీన కాలం" అంటే సరిపోదు. క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌కీ క్రీ.శ. 2వ శతాబ్దపు రోమన్ సరిహద్దు కోటకీ మధ్య ఆరేడు వందల ఏళ్లున్నాయి. ఏథెన్స్‌లో కలిగినింటి ఆడపిల్ల పరాయి మగవాడి కంటపడేది ఎక్కువగా పండగల్లో, చావు దగ్గర. చట్టం ముందు ఆమె తరఫున మాట్లాడేది తండ్రో, భర్తో, మరో మగ సంరక్షకుడో. వారం వారం ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాలంటే రచయిత నానా తంటాలూ పడాలి. రోమన్ రాష్ట్రాల్లో అయితే ఆడవాళ్లు విందుల్లో కూర్చుంటారు, స్నానశాలకి వెళ్తారు, ఆస్తి ఉంచుకుంటారు, ఉత్తరాలు రాస్తారు.

మొదటిసారి రాసేవాళ్లకి సరిహద్దు కోట అన్నిటికన్నా సుఖం. ఊరు చిన్నది, మనుషులు తక్కువ, తప్పించుకునే దారి లేదు. సమాచారానికీ కరువు లేదు. ఉత్తర ఇంగ్లండ్‌లోని విందొలాండా కోటలో 1973 నుంచి పలచటి చెక్క రేకుల మీద సిరాతో రాసిన ఉత్తరాలు, పద్దులు వందల కొద్దీ బయటపడ్డాయి. సాక్సులూ లోదుస్తులూ పంపించామన్న ఉత్తరం కూడా వాటిలో ఉంది. రాజుల చరిత్ర కంటే ఇలాంటివే నవలకి పనికొస్తాయి.

లోకం వివరాలు ఒక్క పేజీలో రాసుకోండి: వాతావరణం, పెత్తనం ఎవరిది, ఏం తింటారు, దీపంలో ఏ నూనె, ఇద్దరూ సహజంగా ఎదురుపడగల మూడు చోట్లు. దేవుళ్ల పేర్లు, నదుల పేర్లు మార్చేయండి, పనులు జరిగే తీరు మాత్రం ఉంచండి. పేజీ దాటి రెండో పేజీలోకి వెళ్లారంటే నవల పక్కనబెట్టి పటాలు గీస్తున్నట్టే.

ఇకపై ఉదాహరణకి ఒక జంటని తీసుకుందాం. లివియా సరిహద్దు ఊళ్లో జ్యోతి ఆలయపు పూజారిణి, వయసు 26. దోరన్ కోటలో పద్దులు రాసే సైనిక లేఖకుడు, వయసు 30.

2. అడ్డంకిని చట్టంలోంచి తీయండి

అపార్థం అడ్డంకి కాదు. ఒక్క మాటతో తీరిపోయేదాన్ని నలభై ఎపిసోడ్లు లాగితే పాఠకులకి కథమీద కన్నా రచయితమీద కోపం వస్తుంది. రోమన్ చరిత్రలో తయారుగా ఉన్న అడ్డంకులు చూడండి.

రోమ్‌లో వెస్టా దేవత పూజారిణులని ఆరు నుంచి పదేళ్ల వయసులో ఎంచుకునేవాళ్లు. సేవ ముప్పై ఏళ్లు: పది నేర్చుకోవడానికి, పది చేయడానికి, పది నేర్పడానికి. ఆ తర్వాత పెళ్లి చేసుకోవచ్చు. మధ్యలో వ్రతం తప్పితే సజీవ సమాధి. సైనికులది ఇంకో గొడవ. తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ కాలం నుంచి సుమారు క్రీ.శ. 197 దాకా సర్వీసులో ఉన్న సైనికుడికి చట్టబద్ధమైన పెళ్లి లేదు. సహాయక దళాల్లో సర్వీసు 25 ఏళ్లు. అది పూర్తయితే పౌరసత్వం, పెళ్లి హక్కు కలిపి చెక్కిన కంచు రేకు చేతికొచ్చేది. క్రీ.పూ. 18 నాటి చట్టం ప్రకారం సెనేటర్ కుటుంబపువాడు బానిసత్వం నుంచి విడుదలైన స్త్రీని పెళ్లాడకూడదు.

మీ అడ్డంకిని మూడు ప్రశ్నలతో పరీక్షించండి. అమలుచేసేది ఎవరు? ఎప్పుడు ముగుస్తుంది? తప్పితే నష్టం ఎవరికి? మూడోదానికి జవాబు "ఇద్దరికే" అయితే అడ్డంకి బలహీనం. మూడో మనిషి కూడా నష్టపోవాలి.

మన ఉదాహరణలో ఆలయ సేవని ఇరవై ఏళ్లకి కుదిద్దాం. లివియాకి ఇంకా రెండేళ్లు మిగిలింది. దోరన్‌కి పాతికేళ్ల సర్వీసులో పదకొండే అయింది. ఆమె గడువు తీరినా అతనిది తీరదు. ఈ హెచ్చుతగ్గులే కథని మోస్తాయి. ఇద్దరి గడువూ ఒకేరోజు తీరితే పాఠకులు క్యాలెండర్ చూస్తూ కూర్చుంటారు. ఆమె వ్రతం తప్పితే ఆలయంలోని చిన్నపిల్లలు వీధిన పడతారన్నది మూడో ప్రశ్నకి జవాబు.

ఇక్కడే ఒక జాగ్రత్త. యజమానికీ బానిసకీ మధ్య ప్రేమకథ ఈ నేపథ్యంలో మాటిమాటికీ కనిపిస్తుంది. "కాదు" అనే హక్కు లేని మనిషి "అవును"కి విలువ లేదు. అలాంటి జంటే కావాలంటే విడుదల ముందు జరగాలి, ఆమెకి సొంత సంపాదనా వెళ్లిపోయే దారీ ఏర్పడాలి, ప్రేమ ఆ తర్వాతే మొదలవ్వాలి. విడుదలతో లెక్క తీరిపోదన్నదీ మరవకండి. పెళ్లి కోసమని విడిపించిన స్త్రీ ఆ యజమాని ఒప్పుకోకపోతే రోమన్ చట్టంలో అతన్ని వదిలి ఇంకో పెళ్లి చేసుకోవడానికి వీల్లేదు.

3. మాయని మొక్కుల్లోంచి అల్లండి

ఆ కాలపు మతం చాలావరకు ఇచ్చిపుచ్చుకునే వ్యవహారం. నాకిది చెయ్యి, నీకిది ఇస్తాను. మొక్కు తీరాక రాతి బలిపీఠం మీద నాలుగు లాటిన్ అక్షరాలు చెక్కించేవాళ్లు: మొక్కు తీర్చాడు, మనస్ఫూర్తిగా, తగిన విధంగా అని వాటి అర్థం. ముడుపు కట్టే అలవాటున్న మన పాఠకులకి దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. ఇంగ్లండ్‌లోని బాత్ పట్టణంలో వేడినీటి బుగ్గలోంచి సుమారు 130 సీసపు రేకులు దొరికాయి. ఎక్కువ భాగం దొంగల మీద శాపనార్థాలే, పోయినవి అంగీలు, చేతి తొడుగులు, చిల్లర. దేవతని ఇంత చిన్న పనులకి పిలిచే లోకం మంటలు చిమ్మే మంత్రదండం కన్నా నమ్మబుద్ధేస్తుంది.

మాయకి రెండు నియమాలు చాలు. ఒకటి ఇద్దరినీ దగ్గర చేయాలి, రెండోది అదే కారణంతో దూరం పెట్టాలి. లివియా చేతి దీపం అబద్ధం వింటే నీలంగా మారుతుంది అనుకోండి. ఊళ్లో తగువులన్నీ ఆమె దగ్గరికే వస్తాయి, వాటిని రాసుకోవడానికి దోరన్ రావాలి. ఇది దగ్గర చేసే నియమం. దీపం ముందు "ఇవాళ ఎందుకొచ్చారు?" అని ఆమె అడగడానికి వీల్లేదు, "పద్దుల కోసం" అని అతను అనలేడు. ఇది దూరం పెట్టేది. పైగా నీలిమంటకి నూనె రెట్టింపు ఖర్చు, ఆ నూనె లెక్క రాసేది దోరనే. ఆమె ఎదుట ఏ రోజు ఎన్ని అబద్ధాలు నడిచాయో పద్దు చూస్తేనే అతనికి తెలిసిపోతుంది. మాయకి ఖర్చు పెడితే దానికో పద్దు ఉంటుంది, పద్దు రాసేవాడు ఒకడుంటాడు, కథ అక్కడ దొరుకుతుంది.

మనసు చదవడం, వశీకరణ మందు, విధి ముందే కలిపిన జంట: ఈ మూడూ వద్దు. మొదటి రెండూ తెలుసుకునే శ్రమని తీసేస్తాయి, మూడోది ఎంచుకునే హక్కుని. ప్రాచీన పాపిరస్ రాతల్లో వశీకరణ ప్రయోగాలు బోలెడున్నాయి. వాడదలిస్తే ప్రతినాయకుడి చేతికివ్వండి, దాడిగానే చూపండి.

4. మెట్లు ముందే గీసుకోండి

రాయడం మొదలుపెట్టే ముందు సాన్నిహిత్యం పెరిగే మెట్లు ఒక కాగితం మీద వేయండి. నలభై ఎపిసోడ్లకి పది పన్నెండు మెట్లు. మన జంటకి ఇలా:

- ఎపిసోడ్ 2: నూనె లెక్కలో అతని తప్పు ఆమె పట్టుకుంటుంది.
- 6: కాలిన ఒత్తుల కొసలు ఆమె దాచుకోవడం అతను గమనిస్తాడు, ఎవరికీ చెప్పడు.
- 9: "పూజారిణి" అనకుండా పేరుతో పిలుస్తాడు, వెంటనే సర్దుకుంటాడు.
- 13: అవసరంకొద్దీ తొలి స్పర్శ. కాలిన చేతికి కట్టు.
- 16: ఆమె కోసం పద్దులో ఒక అంకె మారుస్తాడు.
- 20: దీపాన్ని మూకుడుతో మూసి ఆమె ఒక ప్రశ్న అడుగుతుంది. ఇద్దరికీ విషయం తెలిసిపోతుంది, ఎవరూ పేరు పెట్టరు.
- 21–26: ఎడబాటు, ఉత్తరాలు.
- 27: తిరిగొస్తాడు, బదిలీ ఉత్తర్వుతో.
- 31: "మీరు" పోయి "నువ్వు" వస్తుంది.
- 33: మాట బయటపడుతుంది.
- 34–38: మార్చిన అంకె బయటపడుతుంది, మూల్యం చెల్లిస్తారు.
- 39–40: కలిసి బతకడం.

ప్రతి మెట్టు రాశాక ఒకటే ప్రశ్న: రేపు పొద్దున వీళ్లు నిన్నటిలా మసలుకోగలరా? మసలుకోగలిగితే అది మెట్టు కాదు, అలంకారం. పద్దులో అంకె మార్చడం మెట్టే, ఎందుకంటే అది నేరం, పద్దులో ఉండిపోతుంది. వెన్నెల్లో పక్కపక్కన నిలబడటం మెట్టు కాదు.

ఎక్కువ నవలలు చచ్చిపోయేది 20కీ 31కీ మధ్య. ఇద్దరికీ తెలిశాక దాచడానికి సరుకుండదు. ఇక్కడ కొత్త సుందరాంగినో కొత్త శత్రువునో దించడం పాత చిట్కా, సాధారణంగా చెడ్డ చిట్కా. ఆ పది ఎపిసోడ్లలో ఒకరి పని ఇంకొకరికి అర్థమవ్వాలి. అతని పద్దు ఆమె చదవడం నేర్చుకోవాలి, ఆమె తీర్పుల్లోని నొప్పి అతనికి తెలియాలి. ప్రేమ నిలవడానికి కారణం ఇక్కడ తయారవుతుంది. ఇది లేకపోతే 33లో చెప్పిన మాట డైలాగులా మిగులుతుంది.

5. గడియారం, సముద్రం, స్నానశాల

రోమన్లు పగటిని పన్నెండు గంటలుగా పంచేవాళ్లు, సూర్యోదయం నుంచి అస్తమయం దాకా. అందుకే గంట నిడివి కాలాన్ని బట్టి మారేది: రోమ్ నగరంలో నడి శీతకాలంలో మన లెక్కన సుమారు 45 నిమిషాలు, నడి వేసవిలో 75. రాత్రికి నాలుగు జాములు. కాబట్టి "ఐదు నిమిషాల్లో వస్తా" అనే పాత్ర మీ లోకంలో ఉండకూడదు. చలికాలంలో వాళ్ల "ఒక గంట" భేటీ కుదించుకుపోతుంది, దాన్ని వాడుకోండి.

నేటి పోర్చుగల్‌లోని విపాస్కా గనుల ఊరి నిబంధనలు కంచు రేకు మీద మిగిలాయి. స్నానశాల తెల్లవారుజాము నుంచి ఏడో గంట దాకా ఆడవాళ్లకి, ఎనిమిదో గంట నుంచి రాత్రి రెండో గంట దాకా మగవాళ్లకి. రుసుము ఆడవాళ్లకి ఒక 'ఆస్' నాణెం, మగవాళ్లకి సగం. ఏడుకీ ఎనిమిదికీ మధ్య ఆ వాకిట్లో ఎవరు ఎవరికి ఎదురవుతారో మీరే రాసుకోవచ్చు, తడిజుట్టుతో ఆమె, భుజాన తువ్వాలుతో అతను. మాట్లాడే వీలు లేదు, తప్పించుకునే వీలూ లేదు.

ఎడబాటుకి యుద్ధమే అక్కర్లేదు. మధ్యధరా సముద్రంలో నవంబరు 11 నుంచి మార్చి 10 దాకా ఓడ ప్రయాణం మూసేసినట్టేనని రోమన్ సైనిక రచయిత వెగెటియస్ రాశాడు. అక్టోబరు చివర అవతలి ఒడ్డుకి వెళ్లినవాడు ఎంత ప్రేమున్నా వసంతం దాకా రాలేడు. తూర్పు వైపు కథ నడిపేవాళ్లకి ఇంకా పెద్ద గడువుంది. ఈజిప్టు ఎర్రసముద్రపు రేవుల నుంచి మన దేశానికి ఓడలు జులై ప్రాంతంలో బయల్దేరి, గాలి మళ్లాక డిసెంబరు–జనవరిలో తిరుగుముఖం పట్టేవి. 1వ శతాబ్దపు గ్రీకు నావికుడి రాతల్లో నూలు బట్టలకి పేరుపడ్డ 'మసాలియా' తీరాన్ని కృష్ణా ముఖద్వారం ప్రాంతంగా పండితులు గుర్తిస్తారు. మన నేల మనిషిని ఒకరిని ఆ లోకంలోకి పంపాలనిపిస్తే ఇదీ సక్రమమైన దారి.

6. సన్నివేశాన్ని వస్తువుతో నడపండి

రోమ్‌తో వ్యాపారం చేసిన శాతవాహనుల కాలపు సరుకే ఈ విద్యలో అత్యుత్తమ పాఠం. హాలుడి పేరు మీదున్న ప్రాకృత గాథల్లో ఒక చలివేంద్రం దృశ్యం ఉంది. బాటసారి తల ఎత్తి ఆమెనే చూస్తూ, నీళ్లు కారిపోయేలా దోసిలి వేళ్లు ఎడం చేస్తాడు. నీళ్లు పోసే ఆమె ధారని ఇంకా సన్నం చేస్తుంది. అంతే. గుండె చప్పుడు లేదు, నిట్టూర్పు లేదు. ఇద్దరూ ఒక పనిని సాగదీశారు, ఇద్దరికీ అది తెలుసు.

ఈ పద్ధతిలో మన జంటని పెట్టి చూద్దాం. ముందు మామూలుగా రాసేది:

"దోరన్ ఆమె కళ్లలోకి చూశాడు. గుండె వేగంగా కొట్టుకుంది. ఆమెని తాకాలనిపించింది. కానీ తాకలేదు."

ఇప్పుడు వస్తువుతో. ఆ బట్టలకి గుండీలు లేవు, భుజం దగ్గర పిన్నే పట్టి ఉంచుతుంది:

"పిన్ను మొన వంకరపోయింది. దోరన్ దాన్ని దీపం వెలుగులోకి ఎత్తి, పంటితో నొక్కి సరిచేశాడు. 'కొత్తది తెప్పిస్తాను' అన్నాడు. 'వద్దు, ఇది చాలు.' అతను దాన్ని ఆమె చేతికివ్వలేదు. బల్లమీద పెట్టి ఒక వేలితో ఆమె వైపు జరిపాడు. ఆమె తీసుకునేటప్పటికి ఇత్తడి ఇంకా వెచ్చగానే ఉంది."

రెండోదాంట్లో మనసు గురించి ఒక్క మాటా లేదు. ప్రతి సన్నివేశానికీ ఇద్దరి చేతుల మధ్య తిరిగే ఒక వస్తువు పెట్టుకోండి: మైనపు పలక, ముద్ర ఉంగరం, నూనె గరిటె. ఒకే వస్తువుని మూడుసార్లకు మించి వాడకండి, నాలుగోసారి అది గుర్తులా కనిపించి నవ్వు తెప్పిస్తుంది.

ఉత్తరాల విషయంలో విందొలాండా నుంచే ఒక మెళకువ. క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ సెప్టెంబరు 11న తన పుట్టినరోజుకి రమ్మని సుల్పీసియా లెపిడీనాని పిలిచింది. ఉత్తరం లేఖకుడు చక్కటి దస్తూరీతో రాశాడు, చివరి నాలుగు ముక్కలు మాత్రం వేరే, తడబడే చేతిరాత, సెవెరా సొంతది. 21–26 ఎపిసోడ్లలో ఇదే వాడండి. లివియా ఉత్తరాలు ఇంకెవరో రాస్తారు, అంటే మనసులోది చెప్పుకునే వీలుండదు. మూడో ఉత్తరం అడుగున రెండు వంకర పంక్తులు కనిపిస్తాయి.

7. తెలుగులో పలికించడం

పేర్లు రెండు మూడు అక్షరాల్లో ఉండనివ్వండి, వీలైతే అచ్చుతోనో 'న్'తోనో ముగియనివ్వండి. "థెమిస్టోక్లీస్‌కి", "థెమిస్టోక్లీస్‌తో" అని నలభై ఎపిసోడ్లు చదవడం శిక్ష. ఇద్దరి పేర్లూ ఒకే అక్షరంతో మొదలవకూడదు.

మీరు నుంచి నువ్వుకి మారడం మన దగ్గరున్న పెద్ద ఆయుధం, ఒక్కసారే పేలుతుంది. ఎవరు ముందు మారతారో, ఏ ఎపిసోడ్‌లోనో మెట్ల కాగితం మీద రాసుకోండి. అంతకు ముందు పొరపాటున ఒక్క "నువ్వు" దొర్లినా మొత్తం తేలిపోతుంది, అందుకే ఎపిసోడ్ పంపేముందు ఆ మాట వెతికి చూడాలి. కోపంలో జారిన "నువ్వు" మాత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, తర్వాత మళ్లీ "మీరు"కి వెళ్లడం ఇంకా బాగా.

"ప్రభూ", "దేవీ" అంటే పౌరాణిక సినిమా అయిపోతుంది. "అయ్యా", "అమ్మా" చాలు. సైనికుల మధ్య "అన్నా", ఆడవాళ్ల మధ్య "అక్కా" పెట్టడానికి జంకక్కర్లేదు. సెవెరా ఆ ఉత్తరంలో లెపిడీనాని సోదరి అనే పిలుస్తుంది, ఇద్దరూ తోబుట్టువులు కాకపోయినా.

వంటింట్లో మిరపకాయ, టమాటా, బంగాళాదుంప, మొక్కజొన్న కనిపించకూడదు. అవి అమెరికా ఖండాల నుంచి వచ్చినవి, అప్పటికి గుంటూరులోనూ మిరపకాయ లేదు. కారానికి మిరియాలు, అవీ మన పడమటి తీరం నుంచి ఓడల్లో పోయినవే. ద్రాక్షసారాలో నీళ్లు కలిపి తాగుతారు. సైనికుడు తాగేది పులిసిన ద్రాక్షసారా నీళ్లు. గుర్రానికి రికాబులుండవు, కాబట్టి ఆమెని ఎక్కించే సన్నివేశం మరోలా రాయాలి.

8. మాట బయటపడ్డాక, తిరగరాసేటప్పుడు

చెప్పుకున్న వెంటనే నవల ముగిస్తే ఇన్నాళ్లు ఎదురుచూసినవాళ్లకి అన్యాయం. మొత్తంలో చివరి 15 నుంచి 20 శాతం ఆ తర్వాతి జీవితానికి కేటాయించండి. మూల్యం చెల్లించడం, అడ్డంకి చట్టబద్ధంగా తీరడం, ఆపైన ఒకటి రెండు ఎపిసోడ్లు మామూలు రోజులు. సైనికాధికారి జాలిపడి వదిలేస్తే రెండో భాగంలో అడ్డంకిగా కట్టిందంతా కూలిపోతుంది. దోరన్ బయటపడే దారి మొదటి పది ఎపిసోడ్లలోనే ఎక్కడో చూపించి ఉండాలి. గాయపడ్డవాళ్లకి ముందే విడుదల దొరుకుతుందన్న నియమం నాలుగో ఎపిసోడ్‌లో ఇంకొకరికి వర్తించినట్టు రాస్తే, 37లో అతని విరిగిన కుడిచెయ్యి యాదృచ్ఛికం అనిపించదు. రాసే చెయ్యి పోవడం లేఖకుడికి నిజమైన మూల్యం కూడా.

తిరగరాసేటప్పుడు ఇద్దరూ ఉన్న సన్నివేశాలు మాత్రమే వేరే ఫైల్లోకి తీసి వరసగా చదవండి. రెండు సన్నివేశాల స్థానాలు తారుమారు చేసినా తేడా తెలియకపోతే వాటిలో ఒకటి కొట్టేయాలి. ముందుగా చదివిపెట్టేవాళ్లు "సాగుతోంది" అంటే సాధారణంగా మెట్టు లేని ఎపిసోడ్లు వరసగా మూడు దాటాయని అర్థం. "తొందరపడ్డారు" అంటే 13కీ 20కీ మధ్య మెట్టు తప్పిపోయింది. "ఎందుకు ప్రేమించుకున్నారో తెలియలేదు" అంటే 20 తర్వాతి పని ఎపిసోడ్లు ఎగ్గొట్టారు, అక్కడికెళ్లి లివియాకి పద్దు చదవడం నేర్పించే సన్నివేశం నుంచి మళ్లీ మొదలుపెట్టండి.